నా పుస్తకంలో ఆయన సంతకం

నేను చేతక్‌ని. హెలికాప్టర్ని కాదు, స్కూటర్ని. ఈ ముక్క ముందే చెప్పకపోతే చిక్కొచ్చి పడుతుంది. 1998లో మా సార్జెంటు నన్ను క్యాంటీన్ కోటాలో కొన్నప్పుడు ఆయన డ్యూటీ హకీంపేటలో, ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్లో. అక్కడ పైలట్లకు ఎగరడం నేర్పే హెలికాప్టర్ పేరూ చేతకే. ఇద్దరమూ రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్నవాళ్లమే. "చేతక్ స్టార్ట్ అయితలేదు, లేటయితది" అని ఆయన ఇంటికి ఫోన్ చేస్తే, "ఏ చేతక్?" అని ఆయన భార్య అడిగేది. అప్పటికి ఆయన ఇంకా కార్పొరల్. నాకు మాత్రం ఎప్పుడూ సార్జెంటే.

ఆ చేతక్‌ది ఆర్టూస్ట్ ఇంజిన్. ఫ్రెంచివాళ్ల డిజైన్, బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో తయారీ. నిమిషానికి 30 వేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది. నాది 145 సీసీ, ఒకటే సిలిండరు. చలికాలం పొద్దున పక్కకు వంచి, చోక్ లాగి, నాలుగు కిక్కులు కొడితే తప్ప కళ్లు తెరవను. అయినా సార్జెంటు మా ఇద్దరి మధ్య ఎక్కువ తక్కువలు చూడలేదు. హ్యాంగర్లో చాలా బోల్టులకు, అవి ఊడిరాకుండా సన్నటి స్టీలు తీగ మెలితిప్పి కడతారు, దాన్ని లాకింగ్ వైర్ అంటారు. నా సైలెన్సర్ బోల్టుకూ, కార్బురేటర్ బోల్టుకూ అదే కట్టు. తర్వాతెప్పుడో చైతన్యపురిలో ఒక మెకానిక్ అది చూసి, "ఏంది సార్, కట్టెలమోపు కట్టినట్టు కట్టిన్రు?" అన్నాడు. సార్జెంటు అతనికి మళ్లీ నన్ను చూపించలేదు.

అన్నిటికన్నా విచిత్రం నా పుస్తకం. ఎయిర్‌ఫోర్స్‌లో ప్రతి విమానానికీ ఫారం 700 అని ఒకటుంటుంది. ఇంజిన్ చూసినవాడు ఇంజిన్ గడిలో, ఎయిర్‌ఫ్రేమ్ చూసినవాడు ఆ గడిలో, ఎలక్ట్రికల్ వాడు తన గడిలో సంతకాలు పెట్టాలి. అవన్నీ చూసుకుని పైలట్ కూడా సంతకం చేసి ఎక్కుతాడు. అంటే ఒక మనిషి ప్రాణం ఆ గడుల్లోంచి చేతులు మారుతుందన్నమాట. సార్జెంటు నాకూ ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొని డిక్కీలో పెట్టాడు. తేదీ, కిలోమీటర్లు, ప్లగ్ క్లీనింగ్, టూ-టీ ఆయిల్ కలిపిన పాళ్లు, చివర సంతకం. ఒకసారి అస్సాం పోస్టింగుకు నా ట్యాంకు ఖాళీ చేసి, గోనెసంచులు చుట్టి, రైల్లో పార్శిల్ వేశారు. ఆ పుస్తకం మాత్రం ఆయన చేతిసంచిలో వచ్చింది.

ఆఖరి పోస్టింగు బీదర్. అక్కడి శిక్షణ విమానాలు కిరణ్‌లు, 2008 నుంచి కొత్తగా వచ్చిన హాక్‌లు. హాక్ గురించి ఆయన ఇంట్లో చెబుతుంటే విన్నాను, కొత్త కోడలి గురించి చెప్పినట్టే ఉండేది. 1992లో చేరినవాడు 2012లో, ఇరవై ఏళ్ల సర్వీసు ముగించుకుని, ముప్పై ఎనిమిదేళ్లకు పెన్షనర్ అయ్యాడు. బీదర్ నుంచి జహీరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా నన్ను తనే నడుపుకుంటూ ఎల్బీ నగర్ చేరాడు. ఆయనది నకిరేకల్ వైపు. విజయవాడ రోడ్డు మీది ఊళ్లవాళ్లకు హైదరాబాదంటే ముందు ఎల్బీ నగరే కదా.

కాలనీవాళ్లు మొదటి వారంలోనే ఆయనకు 'మిలిటరీ అంకుల్' అని పేరు పెట్టేశారు. దానికి కారణం ఉంది. ఎయిర్‌బేసుల్లో పొద్దున్నే వరుసగా నిలబడి రన్‌వే పొడవునా రాయీ రప్పా మేకూ ఏరతారు. ఇంజిన్ గాలితోపాటు చిన్న గులకరాయిని మింగినా బ్లేడు పోతుంది మరి. ఈయన అపార్ట్‌మెంట్ సెల్లార్లో రోజూ అదే పని. వాచ్‌మన్ పాపం తన ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాడు.

తర్వాత ఏం చేయాలన్నది ఆయన కన్నా చుట్టాలకు బాగా తెలుసు. "బావా, ఎక్స్-సర్వీస్‌మెన్ కోటా ఉన్నది, బ్యాంకు రాయి. ఏసీల కూసుంటవ్" అన్నాడు బామ్మర్ది. తప్పు సలహా కాదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం కోటా ఉంది, వయసు సడలింపూ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ ముందు రెండొందల బళ్ల మధ్య నన్ను ఇరికించి, తనేమో ఇరవై రెండేళ్ల పిల్లల మధ్య ఇరుక్కునేవాడు. రైలు స్తంభాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుంది, రెండు కుళాయిలు తొట్టిని ఎంతసేపట్లో నింపుతాయి. "కుళాయి లీకయితే బాగు చేయొచ్చు గానీ, ఈ లెక్కలేంది?" అని నా సీటు తుడుస్తూ గొణుక్కునేవాడు. ఆయన బ్యాచ్‌మేట్ ఒకాయన మాత్రం అలాగే రాసి బ్యాంకులో చేరిపోయాడు. క్యాష్ కౌంటర్లో సాయంత్రం నోట్లు లెక్కపెడుతుంటే హ్యాంగర్లో టూల్స్ లెక్కపెట్టినట్టే ఉంటుందట. ఒక్క స్పానర్ తక్కువైనా విమానం కదలదు, ఒక్క నోటు తక్కువైనా తను ఇంటికి కదలడు. ఆయన సుఖంగానే ఉన్నాడు. అందరికీ ఇంజినే కావాలని రూలేం లేదు.

మావాడికి కావాలి. అదే తంటా.

ఒక కంపెనీవాళ్లు పిలిచి సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఇస్తామన్నారు. మాజీ సైనికుడంటే గేటు దగ్గర నిలబెట్టాలని చాలామందికి గట్టి నమ్మకం. ఇంకోచోట అమ్మాయి రెజ్యూమె చూసి, "సార్జెంట్ అంటే ఎస్సై లాగానా సర్?" అని మర్యాదగానే అడిగింది. ఆ రెజ్యూమెతో ఆయన పడిన పాట్లు చూడాలి. ప్రతి వాక్యం 'మేము' అని మొదలుపెడతాడు. మేము ఇంజిన్ మార్చాం, మేము గ్రౌండ్ రన్ చేశాం. "మేమంటే ఎవరు నాన్నా? నువ్వేం చేశావో రాయి" అని కొడుకు కొట్టేస్తాడు. 'నేను' అని రాయడానికి ఆయనకు నెల పట్టింది.

చివరికి శంషాబాద్‌లో ఒక హ్యాంగర్లో టెక్నీషియన్‌గా తీసుకున్నారు. బైరామల్‌గూడ, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్. రోజూ నా మీదే. జీతం మాట ఇంట్లో ఎత్తేవాడు కాదు. దాన్నీ ఓర్చుకున్నాడు గానీ, సంతకాన్ని ఓర్చుకోలేకపోయాడు. పౌర విమానం పని పూర్తయ్యాక దాన్ని సర్వీసుకు విడుదల చేస్తూ సంతకం పెట్టాల్సింది లైసెన్సున్న ఇంజినీరు. ఈయన పని చేస్తాడు, ఇరవై ఆరేళ్ల కుర్రాడు చూసి సంతకం పెడతాడు. ఆ కుర్రాడు మంచివాడే. "సర్, ఈ శబ్దం ఒకసారి వినండి" అని ఈయన్నే పిలిచేవాడట. వినేది ఈ చెవి, రాసేది ఆ చెయ్యి. ఆ రోజుల్లో రాత్రి ఇంటికొచ్చి నా పుస్తకంలో అవసరం లేకపోయినా ఏదో ఒకటి రాసి సంతకం పెట్టేవాడు. 'హారన్ చెక్ చేయబడినది.'

2013లో నా గడువూ తీరింది. బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే. ఆ తర్వాత ఇంకా పనికొస్తానని చూపించుకుంటే అయిదేళ్లు పొడిగిస్తారు. నాగోలు ఆర్టీఏ ఆఫీసులో వరుసలో నిల్చున్నాం. ఇన్‌స్పెక్టర్ గారు బ్రేకు చూశారు, లైటు చూశారు, వంగి లాకింగ్ వైర్ చూసి ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా కాగితం మీద రాసిచ్చారు. దారిలో సార్జెంటు ఒక టీ కొట్టు దగ్గర ఆపి చాలాసేపు ఆ కాగితమే చూశాడు. మర్నాడే, ఆ ఇంజినీరు లైసెన్సు కోసం రాసే డీజీసీఏ పరీక్షల పుస్తకాలు డిక్కీలోకి వచ్చాయి.

మిలిటరీలో చేసిన పనిని ఆ లైసెన్సుకు సంబంధించిన సీఏఆర్-66 నిబంధనలు లెక్కలోకి తీసుకుంటాయి. దానిపైన పౌర విమానాల దగ్గర కొంతకాలం పనిచేసి చూపించాలి, మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా రాయాలి, ప్రతిదాంట్లోనూ 75 శాతం రావాలి. గ్యాస్ టర్బైన్ ఇంజిన్ల మాడ్యూల్ 15 మొదటిసారే గట్టెక్కింది. చట్టాలూ నిబంధనల మాడ్యూల్ 10 దగ్గర రెండుసార్లు బోల్తా కొట్టాడు. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా మెట్రో పిల్లర్ల తవ్వకాలు. ట్రాఫిక్ ఆగిన ప్రతిచోటా నన్ను న్యూట్రల్లో పెట్టి, హ్యాండిల్ మీద పుస్తకం పరిచేవాడు. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర మామిడికాయల వాసనలో డిజిటల్ టెక్నిక్స్ చదివిన మనిషి ఇంకొకడున్నాడా అని నా అనుమానం.

మానవ తప్పిదాల మాడ్యూల్ 9 ఆయనకు బాగా నచ్చింది. అందులో చదివిన ఒక సంగతి, నా ఇంజిన్ బిగిస్తూ కొడుక్కి చెప్పాడు. 1990 జూన్‌లో ఒక బ్రిటిష్ విమానానికి రాత్రిపూట ముందు అద్దం మార్చారు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదాని కన్నా లావు తక్కువ. కంటికి తేడా తెలియదు. గాల్లో అద్దం ఊడిపోయి కెప్టెన్ సగం బయటికి వేలాడాడు, సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు. బతికాడు. "బోల్టు వేసినాయనకు పని రాదా నాన్నా?" అన్నాడు కొడుకు. "మస్తు వచ్చు. గందుకే పుస్తకం తెరవలె" అన్నాడు సార్జెంటు, నా మాన్యువల్ అందుకుంటూ.

2016లో ఒక శనివారం లైసెన్సు వచ్చింది. అది వచ్చినంత మాత్రాన ఎయిర్‌బస్ మీద సంతకం పెట్టేయడానికి లేదు. ఆ రకం విమానం మీద విడిగా ట్రైనింగ్ కావాలి, దానికి ఇంకా నెలలు పట్టింది. ఆ సంగతి తెలియని బామ్మర్ది స్వీట్లు పట్టుకొచ్చాడు. ఇంటి నిండా చుట్టాలు. సార్జెంటు మెల్లగా సెల్లార్లోకి దిగాడు. నా ప్లగ్ విప్పాడు. అది బాగానే ఉంది, నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా కొత్తది వేశాడు, గ్యాప్ కొలిచాడు, రెండు కిక్కులకే లేచాను. డిక్కీలోంచి పుస్తకం తీసి తేదీ వేశాడు, కిలోమీటర్లు వేశాడు. 'స్పార్క్ ప్లగ్ మార్చబడినది' అని రాశాడు. సంతకం పెట్టి, దాని కింద లైసెన్సు నంబరు, జేబులోని కార్డు చూసుకుంటూ, ఒక్కో అంకె దిద్ది దిద్ది రాశాడు.

పైనుంచి ఆమె పిలుస్తోంది. "ఏందండీ, ఏ చేతక్ దగ్గరున్నరు?"