ఆకుపచ్చ రక్తం గురించి ఒక మనవి

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రివర్యులకు,

నకలు: సెన్సార్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం, హైదరాబాద్

ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి రక్తం కలిపే తాత నమస్కరించి రాయునది ఏమనగా,

అయ్యా, కంగారు పడకండి. నేను కలిపేది సినిమా రక్తం. మేకప్ అసిస్టెంటుని. మద్రాసు వడపళనిలో పని నేర్చుకుని, పరిశ్రమ వెనకాలే ఇక్కడికి తరలివచ్చినవాణ్ణి. చిక్కటి పాకంలో ఎర్ర రంగు వేసి, పైన చిటికెడు కాఫీ పొడి కలపాలి. ఆ చిటికెడు మరిస్తే లైట్ల కింద గులాబీ షర్బత్‌లా ఉంటుంది, డైరెక్టరు తిడతాడు. నలభై ఏళ్ళలో ఎన్ని బిందెలు కలిపానో లెక్కలేదు గానీ, ఇంట్లో కోడిని కోయాలంటే ఇప్పటికీ పక్కింటాయన్ని పిలవాల్సిందే. కాబట్టి రక్తం చూసినవాడల్లా హంతకుడవుతాడని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

నా ఫిర్యాదు రంగు గురించి.

2020 సెప్టెంబర్ 2న తమరు పబ్జీ మొబైల్ అనే కాల్పుల ఆటని ఆపేశారు. ఆ వేళ మా బస్తీలో తల్లులు మీకు దణ్ణం పెట్టుకున్నారు, పిల్లల మీద దయతో ఆపారనుకుని. తీరా చూస్తే 118 యాప్‌ల జాబితాలో అదొకటి, కారణం దేశ సార్వభౌమత్వం, భద్రత. పిల్లల మాటే లేదు. మరుసటి ఏడాది జూలైలో అదే ఆట భారతీయ పేరు పెట్టుకుని తిరిగొచ్చింది. అప్పుడు దెబ్బ తగిలితే వచ్చే రక్తం ఆకుపచ్చగా మారింది. ‘చంపడం’ అనే మాట పోయి ‘ఫినిష్’ చేయడం వచ్చింది. 2022 జూలైలో మళ్ళీ మాయమై, 2023 మేలో మళ్ళీ ప్రత్యక్షమైంది. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి రోజుకి మూడు గంటలే అని షరతు.

ఆకుపచ్చ రక్తం! ఈ కిటుకు మాకెవరూ చెప్పలేదేమయ్యా? ‘సలార్’కి పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ ముద్ర, ‘హిట్ 3’కి ‘ఏ’, ‘ఓజీ’కి ‘ఏ’. పాకంలో గోరింటాకు కలిపి ఉంటే మా నిర్మాతలకు పిల్లల టికెట్లు కూడా దక్కేవి కదా! విచారిస్తే ఇది కొత్త కిటుకేమీ కాదట. 1993లో ‘మోర్టల్ కాంబాట్’ అనే కొట్లాట ఆటను నింటెండో వారు ఇళ్ళకు తెచ్చినప్పుడు రక్తాన్ని బూడిద రంగు చెమటగా మార్చారట. సెగా వారేమో ఒక రహస్య కోడ్ నొక్కితే ఎర్ర రక్తం వచ్చేట్టు పెట్టారు. ఎక్కువ అమ్ముడుపోయింది సెగాదే. ఆ గొడవ అమెరికా సెనేట్ దాకా వెళ్ళి, మరుసటి ఏడాది ఆటలకు వయసు ముద్రలు వేసే బోర్డు పుట్టింది. అంటే రంగు మారిస్తే సరిపోదని వాళ్ళకి ముప్పై ఏళ్ళ క్రితమే తెలిసింది.

మీ 2025 ఆగస్టు చట్టం కూడా చదివించుకున్నాను. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు బంద్. మంచి పని చేశారు. కూలీ అందిన సాయంత్రమే దాన్ని రమ్మీకి సమర్పించుకున్న లైట్‌బాయ్‌లను కృష్ణానగర్‌లో కళ్ళారా చూశాను. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడగా గుర్తించింది. పైసలు పెట్టించి పేక ఆడిస్తే నేరం, తొంభై తొమ్మిది మంది పోయాక ఒక్కడు మిగిలితే క్రీడ. నాకు అర్థమైనంత వరకు ఇంతే.

ఇక మా ఇంటి సంగతి. మనవడికి పదకొండేళ్ళు. ఆటలో చేరాలంటే పెద్దల ఫోనుకి ఓటీపీ వస్తుంది. అది వచ్చిన వేళకి నేను సెట్లో మోచేతుల దాకా రక్తంలో ఉన్నాను. పక్క కుర్రాడు ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. “తాతయ్యా, నీకో నంబర్ వచ్చింది, చెప్పవా, స్కూల్‌దే” అన్నాడు మనవడు. కుర్రాడు ఒక్కో అంకె చదివాడు, నేను ఒక్కో అంకె అప్పజెప్పాను. షాట్ రెడీ అన్నారు. పదిహేను సెకన్లలో అనుమతి ఇచ్చేశాను.

మొన్నొక రాత్రి బస్సు దిగుతూ జారి మోకాలు చీరుకున్నాను. ప్యాంటు తడిసింది. కుంటుకుంటూ గుమ్మంలోకొస్తే మనవడు ఫోన్లోంచి తలెత్తి చూశాడు. “తాతయ్యా, ఇవాళ రంగు బాగా కుదిరింది” అని మళ్ళీ తల దించుకున్నాడు.

వాణ్ణి ఏమనాలి? నా పనికి అంతకంటే మెప్పు ఎవరిచ్చారు?

అందుకని మూడు మనవులు. మొదటిది, సినిమాకి 2023 సవరణతో ఏడు, పదమూడు, పదహారేళ్ళ మెట్లు కట్టారు. అలాంటి మెట్లే ఆటలకీ కట్టి, దించుకునే ముందే తెలుగులో కనిపించేలా చేయండి. రెండోది, ఆ ఓటీపీ మెసేజ్ తెలుగులో, ఒక ప్రశ్నలా పంపండి: “మీ పిల్లవాడు తుపాకీతో మనుషుల్ని కాల్చే ఆట రోజుకు మూడు గంటలు ఆడటానికి మీరు ఒప్పుకుంటున్నారా?” ఎంత షాట్ రెడీ అయినా ఆ వాక్యం విన్న తాత ఒక్క క్షణం ఆగుతాడు. చైనాలో 2021 నుంచి పిల్లలకు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకే ఆన్‌లైన్ ఆట. అంత కఠినం మీవల్ల కాదు, మావల్లా కాదు. మాకు ముందు అర్థమయ్యేలా అడగండి, చాలు.

మూడోది సెన్సార్ వారికి. 2025 జనవరిలో మా హైకోర్టు పదహారేళ్ళ లోపు పిల్లల్ని పొద్దున పదకొండుకు ముందు, రాత్రి పదకొండు తర్వాత సినిమా ఆటలకు రానివ్వొద్దంది. మార్చిలో ఆ ఆంక్ష సడలింది. సడలకపోయినా గేటు దగ్గర నిలబడేది కోర్టు కాదు కదండీ. పోయినసారి నా రక్తం ఉన్న ‘ఏ’ సినిమాకి మనవణ్ణి నేనే తీసుకెళ్ళాను. గేటు కుర్రాడు “బాబు చిన్నోడు కదా” అన్నాడు. “సినిమావాళ్ళం” అన్నాను. వదిలేశాడు. మమ్మల్ని వదలొద్దని గేటు కుర్రాళ్ళకు చెప్పండి. ముఖ్యంగా సినిమావాళ్ళని.

మోకాలి కట్టు విప్పారు. మనవడు ఇంకా ‘ఫినిష్’ చేస్తూనే ఉన్నాడు. ఆదివారం వాణ్ణి సెట్‌కి తీసుకెళ్ళి, పాకంలో వేలు ముంచి నాకమంటాను. తియ్యగా ఉంటుంది. నా మోకాలిది ఉప్పగా ఉందని అప్పుడు చెబుతాను.

ఇట్లు,
తమ విధేయుడు,
‘పేరెంట్ ఆర్ గార్డియన్’
(మెసేజ్‌లో అలాగే రాసి ఉందని తర్వాత చదివించుకున్నాను)