నాలుగు డిగ్రీల ఉద్యోగం

2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో ఎండ 53.9 డిగ్రీలకు చేరింది. ఆ అంకెను ప్రపంచ వాతావరణ సంస్థ వెంటనే నమ్మలేదు. పరికరాన్ని పరీక్షించి, లెక్కలన్నీ తిరగేసి 2019లో గానీ ఖాయం చేయలేదు. ఒక్క థర్మామీటర్‌ను నమ్మడానికి మూడేళ్ళు! అదే ఎండలో అదే దేశపు క్యాటరింగ్ కిచెన్‌లో చిల్లర్ తలుపుకు వేలాడే లాగ్ షీట్‌కు అంత కష్టం లేదు. పొద్దున 4, మధ్యాహ్నం 4, రాత్రి 4. కరెంటు పోయినా 4, కంప్రెసర్ చెడినా 4. నెలాఖరున ముప్ఫై రోజుల అంకెలూ ఒకే పెన్నుతో, కూర్చున్న చోటే ఒక్కసారిగా పడతాయి.

ఆ నాలుగుల కింద సంతకం పెట్టే పెద్దమనిషి పేరు ఫుడ్ సేఫ్టీ అండ్ క్వాలిటీ ఆఫీసర్. బాపట్లలోనో పులివెందులలోనో ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ చదివి, విమానం దిగేటప్పుడు ప్రోబ్ థర్మామీటర్‌తో పాటు కాస్త ఆదర్శం కూడా తెచ్చుకుంటాడు. థర్మామీటర్‌కు ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ ఉంటుంది. ఆదర్శానికి ఆ సదుపాయం లేదు.

అతని మొదటి యుద్ధం అన్నంతోనే. మన బిర్యానీ అయినా కువైటీల మచ్బూస్ అయినా బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. ఉడికించినా అవి చావవు. వండిన అన్నం గుండిగలోనే గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే అమెరికా ఫుడ్ కోడ్ 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్ణుంచి 5కి మరో నాలుగు గంటల్లో దించమంటుంది. అంటే అన్నాన్ని లోతు తక్కువ ట్రేలలో పరచాలి, వీలైతే బ్లాస్ట్ చిల్లర్‌లో పెట్టాలి. ట్రేలకు చోటు కావాలి, బ్లాస్ట్ చిల్లర్‌కు దీనార్లు కావాలి. గుండిగకు మూత ఒక్కటి చాలు.

కుర్రాడు ఈ సంగతి చెప్పబోతే రాయచోటి నుంచి వచ్చిన పెద్ద వంటాయన నవ్వుతాడు. “ఏందబ్బీ, నువ్వు పుట్టకముందు నుంచి వండుతాండ. వాసన చూస్తే చెప్తా బాగుందో లేదో.” ఆ విషానికి వాసన ఉండదన్నా అని కుర్రాడు గొణుగుతాడు. “నా చేతి కూడు తిని ఎవురన్నా ఏమన్నా అయినారా?” అనేది తర్వాతి ప్రశ్న. కడుపు పట్టుకున్నవాడు ఆసుపత్రికి పోతాడు గానీ వంటాయన దగ్గరికి వచ్చి చెప్పడు కదా!

పోనీ ఆ అన్నాన్ని పారబోయించగలడా? ఆ అధికారం ఆపరేషన్స్ మేనేజర్‌ది. ఆయన బోనస్ ఫుడ్ కాస్ట్ తగ్గితేనే వస్తుంది.

ఈ పని పుట్టినప్పుడు ఇలా లేదు. 1960ల్లో వ్యోమగాములకు అంతరిక్షంలో కడుపు చెడితే దిక్కెవరని నాసా, అమెరికా సైన్యపు ప్రయోగశాల, పిల్స్‌బరీ కంపెనీ కలిసి హాసప్ (HACCP) అనే ఆహార భద్రతా పద్ధతికి పునాది వేశాయి. తయారైన ప్రతి ముద్దనూ పరీక్షించడం కుదరదు కాబట్టి, ప్రమాదం ఎక్కడ పుడుతుందో అక్కడే పట్టుకోవాలన్నది దాని సారం. దానికి ఏడు సూత్రాలు. హద్దు దాటితే సరిదిద్దాలనేది అయిదోది, రికార్డులు రాసి ఉంచాలనేది ఏడోది. అయిదో దానికి ఖర్చవుతుంది కాబట్టి మన కిచెన్లలో ఏడోదాన్ని భక్తిశ్రద్ధలతో పాటిస్తారు.

ఏడాదిలో తనిఖీ జరిగే కొన్ని రోజులు మాత్రం ఆఫీసర్ రాజే. ఆహార తనిఖీలు ఒకప్పుడు కువైట్ మున్సిపాలిటీ చేతిలో ఉండేవి. 2013 నాటి 112వ నంబరు చట్టం వాటికోసం ఆహార, పోషకాహార అథారిటీని విడిగా ఏర్పాటు చేసింది. అయినా గేటు దగ్గర కారు ఆగితే లోపల వినిపించే కేక అరబీలో మున్సిపాలిటీ అనే పాత మాటే: “బలదియా!” క్షణంలో అందరి నెత్తికీ హెయిర్‌నెట్లు వస్తాయి. ఎక్స్‌పైరీ దాటిన డబ్బాలకు కాళ్ళొస్తాయి. నిన్నటిదాకా ‘ఈ కాగితాల గోలేంటి’ అన్న ముదీర్ (మేనేజర్) స్వయంగా కుర్చీ వేసి ఫైళ్ళు అడుగుతాడు. కారు వెళ్ళిపోగానే ఆ కుర్చీ కూడా వెళ్ళిపోతుంది.

అకామా (నివాస అనుమతి) కథ వేరే. 2018లో ఇంజినీర్ల అకామా రెన్యువల్‌కు కువైట్ ఇంజినీర్ల సంఘం అనుమతి తప్పనిసరి చేశారు. మన దేశంలో ఎన్‌బీఏ గుర్తింపు లేని కాలేజీల పట్టాలు అక్కడ చెల్లలేదు. గుర్తింపు రాకముందు చదివేసినవాళ్ళు ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. చాలామంది హోదా మార్చుకుని నిలదొక్కుకున్నారు. అలా బీటెక్ చదివినవాడు కాగితం మీద ఇంకేదో అయ్యాడు. లేబుల్ మీద ఉన్నదే డబ్బాలో ఉండాలని ప్యాకెట్లకు పాఠం చెప్పేవాడి సొంత లేబుల్ కథ ఇది.

జూన్ 7న ప్రపంచ ఆహార భద్రతా దినోత్సవం. బ్యానర్ కట్టి కేకు కోస్తారు. ఫొటోలన్నీ అయ్యేదాకా క్రీమ్ కేకు బల్లమీదే ఉంటుంది.

తప్పంతా కువైట్‌దే అనుకునేరు. తెలంగాణలో పచ్చి గుడ్డు మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30న నిషేధించారు, అదీ జనం జబ్బుపడ్డాకే.

కువైట్‌లో ఈ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ అందుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! జీతం ఎంతని అడిగే ముందు రెండు సంగతులు అడగండి. అకామా మీద ఏ హోదా రాస్తారు? చెడిన గుండిగను పారబోయించే అధికారం ఎవరిది? రెండోదానికి ‘ఆపరేషన్స్‌ను సంప్రదించాలి’ అన్న జవాబొస్తే, మిమ్మల్ని పిలుస్తున్నది సంతకానికేనని తెలుసుకోండి.