బ్యాకప్ ఉంది సార్!

తుపాను హెచ్చరిక వచ్చిందంటే పలాస, టెక్కలి ఆఫీసుల్లో రివ్యూ మీటింగ్ తప్పదు. జనరేటర్‌కి డీజిల్ ఉందా? ఉంది సార్. ఇసుక బస్తాలు? ఉన్నాయి సార్. నెట్‌వర్క్ బ్యాకప్? ఉంది సార్! మూడో జవాబు మొదటి రెండింటికన్నా గట్టిగా వస్తుంది. డీజిల్ ఎంతుందో పీపాలో కర్ర ముంచి చూడొచ్చు. బ్యాకప్‌లో ముంచే కర్ర ఇంకా సప్లై కాలేదు.

ఆ బ్యాకప్ ఎక్కడుందని మాత్రం ఎవరూ అడగరు. నెట్‌వర్క్ స్విచ్ ఉన్న గదిలోనే, అదే యూపీఎస్ మీద, కిటికీ కింద ఉన్న డెస్క్‌టాప్‌లో ఉంటుంది. కిటికీ రెక్క ఊడితే అసలూ నకలూ ఒకే వానకి తడుస్తాయి.

ఈ బ్యాకప్ అంటే స్విచ్ సెట్టింగుల కాపీ, ఇదేం పెద్ద సరుకు కాదు. ఏ పోర్టు బిల్లింగ్‌కి, ఏది కెమెరాలకి, ఏది పెద్దసారు గదికి అని రాసి ఉన్న చిన్న ఫైలు. వాట్సాప్‌లో వచ్చే పెళ్లి శుభలేఖ బొమ్మకన్నా చాలా చిన్నది. కానీ జీడిపప్పు ఫ్యాక్టరీ బిల్లయినా, ఉద్దానంలో డయాలసిస్ పేషెంటు వివరాలైనా స్విచ్ దాటే పోవాలి. పైగా కొత్తగా చేసిన మార్పు సేవ్ చేసేదాకా ర్యామ్‌లోనే ఉంటుంది. మన ఇంజినీరు పని చేస్తాడు, టీ తాగుతాడు, సేవ్ చేయకుండా బండెక్కుతాడు. కరెంటు పోయి వచ్చేసరికి స్విచ్ పోయినేడాదికి వెళ్లి కూర్చుంటుంది. మన దగ్గర కరెంటు పోవడానికి తుపానే అక్కర్లేదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. ఏపీ ఫైబర్‌నెట్‌ని జాతికి అంకితం చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తక్కువ ఖర్చులో అయిపోతుందని ఆ కేబుల్ వేసింది కరెంటు స్తంభాల మీదే. స్తంభం పడిన చోట రెండు శాఖలకూ కలిపి ఒకటే అంతరాయం. ఇంత పొదుపు ఇంకెక్కడా చూడం.

పోనీ కాపీ విశాఖకి పంపేశాం కదా అంటారా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖకే వచ్చింది. అంతకు సరిగ్గా ఏడాది ముందు ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దిగింది. అటు గోపాల్‌పూర్, ఇటు విశాఖ, నడుమ మనం. కాపీ ఒకటి సముద్రం మొహం చూడని ఊళ్లో ఉండాలి. హైదరాబాద్‌లో పెడతామంటే ఎవరూ కాదనరు.

పంపే పద్ధతి ఇంకా ముచ్చట. టీఎఫ్‌టీపీ అని 1981 నాటి ఏర్పాటు ఒకటుంది. యూజర్‌నేమ్ అడగదు, పాస్‌వర్డ్ అడగదు, దేన్నీ దాచదు. ఆ ఫైల్లోనేమో స్విచ్ పాస్‌వర్డులు ఉంటాయి. సిస్కోవాళ్లు 'టైప్ 7' అని మారువేషం వేసిన పాస్‌వర్డ్ ఎంత గట్టిదంటే, కాలేజీ కుర్రాడు క్షణంలో విప్పేస్తాడు. ఇంటి తాళంచెవిని పోస్టుకార్డుకి అంటించి పంపినట్టన్నమాట. దాచిపెట్టి పంపే ఎస్‌సీపీ చాలా స్విచ్‌ల్లో ఉంది. "అది కొత్తది బాబూ, మనకి అలవాటు లేదు" అంటారు ఇన్‌చార్జి గారు. ఆ కొత్తదానికి ఇరవై ఏళ్లు దాటాయి.

ఒక ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు నోరు జారాడు.

"సార్, ఆ ఫైలు ఎప్పుడైనా తిరిగి ఎక్కించి చూసినారా?"

"ఏటి బాబూ, బాగున్నదాన్ని కెలకడం ఎందుకు?"

"సార్, సిస్కోలో వీలాన్ జాబితా ఒక్కోసారి వేరే ఫైల్లో ఉంటాది. దాని కాపీ తీయకపోతే..."

"నువ్వు కొత్తగా వచ్చినావు. ముందు చాయ్ చెప్పు."

తిత్లీకి పడిన కొబ్బరి చోట మొక్క నాటినవాడు కాయ కోసం ఏళ్లు ఎదురుచూడాలి. చెట్టుకి నకలుంది, పది నిమిషాల్లో నిలబెడతామంటే ఉద్దానం రైతు రాత్రే వచ్చి క్యూలో చెప్పు పెట్టేస్తాడు. ఆఫీసు స్విచ్‌కి ఆ భాగ్యం ఉంది. స్పేరు స్విచ్ పెట్టెలోంచి తీసి ఫైలు ఎక్కిస్తే చాలు. అందుకే ఎక్కించి చూడడాన్ని వచ్చే వారానికి వాయిదా వేశారు.

అసలు మనిషి చెయ్యి పడనక్కర్లేదు. సేవ్ చేసిన ప్రతిసారీ కాపీ దానంతటదే దూరపు సర్వర్‌కి పోయేలా చాలా స్విచ్‌ల్లో రెండు మూడు లైన్లు రాస్తే సరిపోతుంది. ఆ మాట చెబితే ఇన్‌చార్జి గారు చాలాసేపు ఆలోచించి, ఒకే ఒక్క అభ్యంతరం చెప్పారు: "మరి రిజిస్టర్లో సంతకం ఎవరు పెడతారు?"