ముక్కు నల్లని గింజ

నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట కాలువ కింద మా మావయ్యకు రెండెకరాల మడి ఉంది. ఆ ఖరీఫ్‌లో శ్రీకాకుళం సన్నాలు వేద్దామని విత్తనం కొన్నాడు. రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఆర్‌జీఎల్ 2537 రకానికి వాడుకలో ఉన్న పేరది. సంచి మీద లేబుల్ ఉంది. జన్యు స్వచ్ఛత 98 శాతమని అచ్చు కూడా వేశారు. తీరా అక్టోబరు వచ్చేసరికి సగం మడి ఈనేసింది, సగం ఇంకా పొట్ట మీదే ఉంది.

కొట్టతను ఒప్పుకోలేదు. “మీ ఇంటికాడే ఏవో కలిసిపోయుంటాయి” అన్నాడు. కౌలు మడి కోసమని కొని, నీరందక వాడకుండా వదిలేసిన సంచి ఒకటి అటక మీద ఉంది. మావయ్య దాన్ని భుజాన వేసుకొచ్చి నేను పనిచేసే ల్యాబులో దించాడు.

“కుట్టు నీ సేత్తోనే ఇప్పరా. రేపు నన్నెవుడూ మాట అనకూడదు” అన్నాడు.

గింజల్ని ఒక రోజు నీళ్లలో నానబెట్టి, 1 శాతం ఫినాల్ ద్రావణంతో తడిపిన వడపోత కాగితం మీద వరసగా పేర్చి మూత పెట్టాను. వరి పొట్టులో ఉండే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఫినాల్‌ను నల్లబరుస్తుంది. దాని చురుకు రకాన్నిబట్టి మారుతుంది. అందుకే కొన్ని రకాల గింజ కారునలుపుకు తిరుగుతుంది, కొన్నిటిది గోధుమ రంగులో ఆగిపోతుంది, కొన్నిటికి అసలు రంగే రాదు. సంచిలో ఉన్నది ఒకే రకమైతే పళ్లెంలో గింజలన్నీ ఒకేలా మారాలి. మర్నాడు మూత తీస్తే మూడు రంగులున్నాయి.

మరికొన్ని గింజల్ని నలిపి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేశాను. కొన్నిటి దగ్గర ద్రావణం ముదురెరుపుకు తిరిగింది. పైకి మామూలు వడ్లే, లోపల ఎర్రబియ్యం. పరారుణ కాంతితో చూసే యంత్రంలోనూ పెట్టాను. గింజలోని పిండి, మాంసకృత్తులు, తేమ ఏ కాంతిని ఎంత పీల్చుకుంటాయో చూసి, ముందే నేర్పిన రకాలతో అది పోల్చుతుంది. ఆ ఎర్రగింజ ఏ రకంతోనూ కలవలేదు.

ఫినాల్ పరీక్ష మహా అయితే రెండు రోజుల పని. పెద్ద ఖర్చూ కాదు. పురుగుమందు కల్తీదైతే ఒక దఫా డబ్బు పోతుంది, విత్తనం కల్తీదైతే రైతుకు ఏడాదే పోతుంది. ఇలాంటి పరీక్షలు మడి ఈనాక కాదు, సంచి కొట్టుకు చేరకముందే జరగాలి.

ఫలితాల కాగితం చేతికివ్వగానే మావయ్య మొహం విప్పారింది. బిల్లుంది, లేబులుంది, ఇప్పుడు పరీక్ష ఫలితమూ ఉంది. కేసు వేసి తీరతానన్నాడు. ఇంట్లో చూపించడానికి నలపని ఎర్రగింజలు నాలుగు పొట్లం కట్టించుకున్నాడు.

అమ్మమ్మ ఒక గింజను గోటితో ఒలిచింది. పొట్టి గింజ, పొట్టు చివర సూదిమొనంత నలుపు. వెలుతురులోకి పట్టుకుని చూసింది.

“ఏట్రా, ఇది మన మూల మడి గింజ కాదేటి?”

మావయ్య తెల్లబోయాడు. అంబలికి రుచిగా ఉంటుందని ఆవిడ ఏటా మూల మడిలో కొద్దిగా ఎర్రొడ్లు వేయిస్తుంది. ఆ విత్తనం చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవరి దగ్గరా లేదు.

“పోయినేడు వానకి జడిసి కుప్పలన్నీ ఒక్కపాలే నూర్సీసినావు. నా ఎర్రొడ్లు, విజేత, సన్నాలు అన్నీ కలిసిపోనాయని బ్రోకరుకి పోసీసినావు. మర్సిపోనావేటి?”

ఆ కలగాపులగం ధాన్యాన్ని మావయ్య కళ్లంలో కిలో 18 రూపాయలకు తూచి ఇచ్చాడు. జూన్‌లో దాన్నే సంచిలో కుట్టి, లేబుల్ అంటించి అమ్మితే కిలో 40 పెట్టి కొన్నాడు.