పిల్లల్ని కాస్త ఇబ్బంది పెట్టండి

ముందు ఒక మాట. మీ అబ్బాయి చేతిలో ఫోన్ లాక్కోకండి. పాస్‌వర్డ్ మార్చడం, రాత్రి పదికల్లా వైఫై కట్టేయడం, బీరువాలో పెట్టి తాళం వేయడం... ఇవన్నీ చేసి అలిసిపోయిన తల్లిదండ్రులు మన సికింద్రాబాద్‌లో ఏ గల్లీకి వెళ్లినా కనిపిస్తారు. ఆ పోటీలో పదహారేళ్ల పిల్లాడే గెలుస్తాడు. వాడికి టైముంది, మనకు లేదు. ఫోన్ ఉండనివ్వండి. ఫోన్ వచ్చాక వాడికి తప్పిపోయిన పనులన్నీ తెచ్చి మళ్లీ వాడి నెత్తిన వేయండి. తేలిగ్గా అయిపోయే పని కష్టపడితేగానీ కాకుండా చూడండి. వినడానికి తలకిందుల సలహాలాగే ఉంటుంది. అయినా ఇదే చెబుతాను.

కళ్ల గురించి, నిద్ర గురించి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, వాళ్ల మాట వినండి. నా బెంగ వేరు. డిగ్రీకొచ్చిన పిల్లలు బస్సులో పక్క సీటాయన్ని "ఇది ప్యాట్నీ వెళ్తుందా అండీ" అని అడగలేకపోతున్నారు. ఫోన్ మోగితే ఎత్తరు. రింగు ఆగిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, తర్వాత "ఏంటి" అని మెసేజ్ పెడతారు. ముక్కూ మొహం తెలియని మనిషిని పలకరించడం, వరుసలో ఓపిగ్గా నిలబడటం, కాదనిపించుకుని కూడా మళ్లీ అడగడం ఏ సిలబస్‌లోనూ ఉండవు. బజారే నేర్పాలి. ఆ బజారును మనమే పది నిమిషాల డెలివరీకి మార్చేశాం.

కాబట్టి ఆదివారం పొద్దున్నే మోండా మార్కెట్‌కు పంపండి. నోట్లు ఇచ్చి పంపండి, స్కాన్ చేసే పని పెట్టకండి. చీటీ రాసివ్వకండి. "నాలుగు రోజులకు సరిపడా కూరగాయలు తీసుకురా" అని ఊరుకోండి. మొదటిసారి పుచ్చు వంకాయలు, ముదిరిన బెండకాయలు మోసుకొస్తాడు. ఒక్క మాట అనకుండా వాటినే వండి పెట్టండి. అక్కడ ఏం జరుగుతుందో దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. టమాటాల కుప్ప ముందు కూర్చున్న పెద్దమ్మ "ఏం బిడ్డా, కొంటవా, పిసికి పోతవా?" అంటుంది. వాడి మొహం ఎర్రబడుతుంది. చుట్టూ పదిమంది. జవాబు ఇవ్వడానికి టైపు చేసి చెరిపే వీలు లేదు. ఆ క్షణంలో నోరు పెగల్చుకుని "కిలో ఎంతమ్మా?" అన్నాడూ, ఆ వారం చదువు అయినట్టే. కొన్నాళ్లకు బేరమాడతాడు. ఇంకొన్నాళ్లకు ఆ పెద్దమ్మే పిలిచి, అడగకుండానే కొత్తిమీర కట్ట సంచిలో పడేస్తుంది. ఆడపిల్లల్నీ ఇలాగే పంపండి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ బస్సుల్లో వాళ్లకు టికెట్ డబ్బులు లేవు, ఆ వంక కూడా పోయింది.

ఊరినుంచి చుట్టాలొస్తున్నారా? స్టేషన్‌కు పిల్లల్నే పంపండి. లైవ్ లొకేషన్ వద్దు. సికింద్రాబాద్ స్టేషన్‌కు పది ప్లాట్‌ఫాంలు. ఒకటో నంబరు వైపు దిగారో, బోయిగూడ దిక్కున పదో నంబరు వైపు దిగారో కనుక్కోనివ్వండి. బోర్డు చదవాలి, అనౌన్స్‌మెంట్ వినాలి, ఎర్ర చొక్కా కూలీని ఆపి అడగాలి. అవసరానికి జేబులో చిన్న కీప్యాడ్ ఫోన్ ఉంచండి, చాలు. అరగంట ఆలస్యమైతే అవుతుంది. పెద్దనాన్న విసుక్కుంటే విసుక్కుంటారు. ఆ విసుగునూ వాడే సర్దిచెప్పుకోవాలి.

చదువు విషయంలో నా సలహా మరీ నచ్చదు మీకు. లెక్క రాకపోతే రానివ్వండి. వెతికితే అర నిమిషంలో జవాబు వస్తుందని తెలిసి కూడా, ఆ రాత్రికి వెతకనివ్వకండి. తప్పు జవాబు రాసుకునే బడికి వెళ్లనివ్వండి. రెండు మార్కులు పోతే పోనివ్వండి. బేగంపేటలో, పాత ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో సర్ రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. మలేరియా దోమతో వస్తుందని ఆయన ఇక్కడే కనిపెట్టారు, 1897 ఆగస్టు 20న. అంతకు ముందు రెండేళ్లుగా దోమల్ని కోసి చూస్తూనే ఉన్నారు. పంఖా ఊపితే దోమలు ఎగిరిపోతాయని ఉక్కపోతలోనే కూర్చునేవారు. నుదుటి చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క కటకమూ పగిలింది. హుస్సేన్ ఖాన్ అనే రోగి కుట్టించుకున్న ఒక్కో దోమకు అణా చొప్పున ఇచ్చారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. తెలియని దాని ముందు అన్నాళ్లు కూర్చోగలగడమే ఆయన చదువు. మన పిల్లల్ని అర నిమిషం కూడా కూర్చోనివ్వడం లేదు.

ఫోన్ చదువుకు పనికిరాదని నేననను. కరోనాకు బడులు మూతపడి, 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు మన సర్కారు బడి పిల్లలకు అదే దిక్కయింది. కానీ పాఠం వచ్చినా పక్క బెంచీ రాలేదు. అప్పుడు చిన్న తరగతుల్లో ఉన్నవాళ్లు టిఫిన్ డబ్బా పంచుకునే వయసును, పెన్సిల్ కోసం కొట్లాడి మళ్లీ కలిసిపోయే వయసును తెర ముందే దాటేశారు. ఇప్పటి లెక్కలు చూడండి. 2024 అసర్ విద్యా సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో ఆ ముందు వారం చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. పల్లెల్లోనే ఇంతుంటే మారేడ్‌పల్లిలో, తార్నాకలో ఎంతుంటుందో మీ ఇంట్లోనే చూసుకోండి.

కొట్లాడుకుంటే కొట్లాడుకోనివ్వండి. స్నేహితుణ్ణి బ్లాక్ చేశానని మీ అమ్మాయి చెప్తే, వాళ్లింటికి వెళ్లి బెల్లు కొట్టి మొహం మీదే అడగమనండి. ఏడ్చి వస్తుంది. రానివ్వండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి దాచుకున్నాను. "పరీక్షలున్నాయి" అనే మాట మన ఇళ్లల్లో పిల్లలకు మనుషుల నుంచి సెలవు చీటీ అయిపోయింది. పెళ్లికి రాడు, ఇంటర్ కదా. చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాదు, ఎప్‌సెట్ కదా. తలుపు మూసుకున్న గదిలో పుస్తకం ఎంతసేపు తెరిచి ఉందో, ఫోన్ ఎంతసేపు వెలుగుతోందో మనకు తెలియదు. పరీక్షల ముందు వారం అయినా సరే, పెళ్లికి తీసుకెళ్లండి. ఊరికే కూర్చోబెట్టకండి, పంక్తిలో సాంబారు బకెట్టు చేతికివ్వండి. ముసలాయన పక్కన కూర్చోబెట్టి, ఆయన చెప్పిన కథే మళ్లీ చెప్తుంటే విననివ్వండి. ర్యాంకు కాస్త వెనక్కి పోవచ్చు. నేను ఒప్పుకుంటాను. మీరూ ఒప్పుకోండి.

ఆషాఢంలో మన సికింద్రాబాద్ లష్కర్ బోనాల ఆదివారం వస్తుంది. ఆ రోజు ట్యూషన్ మాన్పించండి. ఉజ్జయిని మహంకాళి అమ్మవారి గుడి దగ్గర క్యూలో మీ పిల్లల్ని గంటల తరబడి నిలబెట్టండి. వరుసలో వెనకున్న అవ్వకు నీళ్ల సీసా అందించే పని వాళ్లకు అప్పజెప్పండి. ఫొటోలు మీరు తీయకండి, వాళ్లనూ తీయనివ్వకండి. సోమవారం భవిష్యవాణి చెప్పే రంగం చూపించి, మంగళవారం బడికి పంపండి.