బిగి

పనసమొద్దు తొలిచి నన్ను చేశారు. తంజావూరు నా పుట్టిల్లు, విజయవాడలో ఒక విద్వాంసుడి ఇల్లు నా మెట్టినిల్లు. నేను మృదంగాన్ని. నా రెండు మూతలనూ కలిపి లాగి పట్టేది గేదెతోలు వారు. ఆ వారు సడలితే నేను వట్టి మొద్దునే.

వర్షాకాలంలో తోలు తేమ పీల్చి వదులవుతుంది, శ్రుతి దిగిపోతుంది. ఎండలకు బిగుసుకుని ఎక్కుతుంది. అందుకే కచేరీకి ముందు మా గురువుగారు చిన్న రాయి, కర్రముక్క పట్టుకుని కూర్చుంటారు. జడలా అల్లిన అంచును పైనుంచి లోపలికి కొడితే శ్రుతి పెరుగుతుంది, ఎదురుగా కొడితే తగ్గుతుంది. ఒక్కచోట బిగిస్తే చాలదు. మూత చుట్టూ ఎక్కడ తట్టినా ఒకే స్వరం పలకాలి. తంబురాతో కలిసేదాకా ఆయన చెవి ఊరుకోదు. ఎడమవైపు మాత్రం వేరే దారి: తడిపిన రవ్వ ముద్ద అంటించి గొంతును కిందికి దించుతారు, కచేరీ అయ్యాక గీకేస్తారు.

మామూలు తోలు వాద్యంలో మూలస్వరంతోపాటు పుట్టే అతిస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. నా కుడిమూత నడుమనున్న నల్లటి ముద్ద తన బరువుతో వాటిని వరసలో పెడుతుంది. శాస్త్రవేత్త సి.వి. రామన్ ఈ సంగతి శివకాళి కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో రాశారు, 1934లో ఇంకా విపులంగా చెప్పారు. ఆ ముద్ద ఎంత గొప్పదైనా, కింద తోలు సమంగా బిగిసి ఉంటేనే పలుకు.

ఇప్పుడు నట్లు, బోల్టులు వేసిన మృదంగాలు వచ్చాయి. స్పానరుంటే చాలు, దూరప్రయాణాల్లో నిజంగా సుఖం. అయినా నా తోలు వారు పూర్తిగా సడలినప్పుడు నాకు కావలసింది చేసినవాడి చెయ్యే. ఎంత లాగితే తోలు చిరుగుతుందో, ఎక్కడ ఆపాలో ఆ చేతికి తెలుసు. ఆ పని తరతరాలుగా చేస్తున్నవారిలో చాలామంది దళిత క్రైస్తవులు. మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్‌కు మృదంగాలు చేసిన పర్లాందు వంటివారి గురించి గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకమే రాశారు. అంతకుముందు ఆ పేర్లు ఎందరు రసికులకు తెలుసు?

కచేరీ బాగుందని విద్వాంసుణ్ణి మెచ్చుకోండి. దాంతోపాటు ఆ మృదంగం ఎవరు చేశారో కూడా అడగండి, ఆ పేరు వేదిక మీద చెప్పించండి.