బిగ్‌ఫుట్‌కి ఏ తూటా సరిపోతుంది?

ఓక్లహోమా ప్రజాప్రతినిధి జస్టిన్ హంఫ్రీ గారు, అడవుల్లో తిరుగుతుందని చెప్పుకునే ఆ రోమాల జీవి బిగ్‌ఫుట్ కోసం తెచ్చిన వేట సీజన్ బిల్లు, దాన్ని పట్టిస్తే ఇస్తామన్న, పాతిక వేల డాలర్లతో మొదలై ఇరవై లక్షలు దాటిన బహుమతి, అన్నీ మీకు తెలిసినవే. 2021 నాటి ముచ్చట. బిల్లు ఎప్పుడో అటకెక్కింది. మా డాలస్ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం చలికాలం వస్తే చాలు, నిన్నటి వార్తలా మళ్ళీ మొదలవుతుంది. ఈసారి ఫార్వర్డ్‌తో ఆగలేదు. మావాళ్ళు ఆ ఓక్లహోమాలోనే ఉన్న హోచటౌన్‌లో క్యాబిన్లు బుక్ చేసి, "అన్నా, గన్ ఏది తీసుకోమంటావ్?" అని నన్నడిగారు. పత్రికల్లో రాసేవాడికి తెలియనిది ఉండదని వాళ్ళ నమ్మకం. సరే, చెబుతాను.

ముందు అర్హత సంగతి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడు ఈ దేశంలో తుపాకీ ముట్టుకోకూడదు. కానీ హంటింగ్ లైసెన్స్ ఉంటే ఫెడరల్ చట్టం మినహాయింపు ఇస్తుంది. ఈ సందు మనవాళ్ళ కంట పడకుండా ఉంటుందా? గ్రీన్ కార్డుకి ఐ-140 అప్రూవల్ రాకముందే హంటింగ్ లైసెన్స్ తెచ్చుకున్న ఘనులు మా గ్రూపులోనే ఉన్నారు.

కారు నాది కాబట్టి తుపాకుల షాపుకి నేనూ వెళ్ళాను. "దేని వేటకి?" అన్నాడు కౌంటర్ వెనక పెద్దాయన. మావాడు నా వంక చూశాడు, సీలింగ్ వంక చూశాడు, "పెద్ద జంతువు" అన్నాడు. ఎంత పెద్దదని ఆయన. ఎనిమిది అడుగులు, ఎనిమిది వందల పౌన్లు అని మావాడు. పెద్దాయన నవ్వలేదు. అమ్ముకునేవాడు నవ్వడు. .45-70 తూటాల పెట్టె తీసి గాజుబల్ల మీద పెట్టాడు. ఒక్కోటి నా చూపుడు వేలంత పొడుగుంది.

అక్కణ్ణుంచి మొదలైంది గ్రూపులో రచ్చ. .30-06 చాలని ఒకడు. .308 అయితే తూటా చవగ్గా దొరుకుతుందని ఇంకొకడు. .375 మాగ్నమ్‌తో ఆఫ్రికాలో ఏనుగుల్నే కొడతారు, దీనికి మాత్రం తక్కువెందుకని మూడోవాడు. కాస్ట్‌కోలో అమ్ముతారా అని ఒక అమాయకుడు. పగలంతా స్టాండప్ మీటింగుల్లో నోరు మెదపని మనుషులు రాత్రి పదకొండింటికి తూటా వేగం మీద వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నారు. మధ్యలో ఎవరో కూతురి అరంగేట్రం ఆహ్వానం పెడితే దిక్కూ మొక్కూ లేదు.

వీళ్ళందరికీ గురువు ఒకాయన ఏకంగా ఎక్సెల్ షీట్ తయారు చేశాడు. ఒక వరుసలో తూటా బరువు, ఒకదాంట్లో వేగం, ఇంకోదాంట్లో తాకిడి శక్తి. చివరి వరుసలో 'చర్మం మందం: ఒకటిన్నర అంగుళం'. ఎవరు కొలిచారయ్యా అని అడిగాను. "అసంప్షన్ అన్నా" అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు అక్కడితో ఆపేశారు. ఈయన సోమలింగం చర్మానికి ఫార్ములా కట్టి, ఆ గడికి పసుపు రంగు కూడా పూశాడు.

ఊహలు పక్కన పెడదాం. ఇంతవరకు తేలిన బిగ్‌ఫుట్‌లను బట్టే ఆయుధం ఎంచుకుందాం. 1958లో కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర, రోడ్డు పనిలో బుల్డోజర్ నడిపే జెర్రీ క్రూకి పదహారు అంగుళాల పాదముద్రలు కనిపించాయి. బిగ్‌ఫుట్ అన్న పేరు పత్రికలకెక్కింది అప్పుడే. ఆ రోడ్డు కాంట్రాక్టరు రే వాలెస్ 2002లో పోయాక, ఆయన పిల్లలు ఇంట్లో ఉన్న చెక్క పాదాలు తెచ్చి అందరికీ చూపించారు. చెక్కకి తూటా దండగ, గొడ్డలి చాలు. 1976లో పీటర్ బర్న్ అనే బిగ్‌ఫుట్ అన్వేషకుడి కోరిక మీద ఎఫ్‌బీఐ కొన్ని వెంట్రుకల్ని పరీక్షించి, 1977లో జింక జాతివని తేల్చింది. 2019లో ఆ ఫైలు బయటపెట్టింది కూడా. అంటే సర్కారు ల్యాబ్ లెక్క ప్రకారం బిగ్‌ఫుట్‌కి .243 బ్రహ్మాండంగా సరిపోతుంది. ఎక్సెల్ గురువు గమనించాలి. 2008లో జార్జియాలో ఇద్దరు పెద్దమనుషులు ఫ్రీజర్‌లో శవం ఉందంటూ ప్రెస్ మీట్ దాకా వెళ్ళారు. మంచు కరిగాక చూస్తే రబ్బరు గొరిల్లా సూటు. దానికి కావలసింది హెయిర్ డ్రయ్యర్. అదీ క్యాబిన్ బాత్రూమ్‌లో ఊరికే ఉంటుంది.

మిగిలింది ఎలుగు. నల్ల ఎలుగులు ఎక్కువున్న చోటే బిగ్‌ఫుట్‌లూ ఎక్కువ కనిపిస్తున్నాయని 2024లో జర్నల్ ఆఫ్ జువాలజీలో ఒక పరిశోధన వచ్చింది. వెయ్యి ఎలుగులు పెరిగితే బిగ్‌ఫుట్ దర్శనాలు సుమారు 4 శాతం పెరుగుతాయట. ఎలుగు వెనక కాళ్ళ మీద లేచి నిలబడుతుందని మనకి చిన్నప్పుడు ఊళ్ళోకొచ్చిన ఎలుగుబంటివాడే చూపించాడు. ఆగ్నేయ ఓక్లహోమాలో ఎలుగు వేటకి వేరే సీజను, వేరే లైసెన్సు ఉన్నాయి. "బిగ్‌ఫుట్ అనుకున్నాను సార్" అంటే వార్డెన్ వదిలిపెట్టడు.

తుపాకీ కాక మిగతా సరంజామా అంటారా, నైట్ విజన్ అద్దాలు కొనుక్కోండి, చీకట్లో క్యాబిన్ తాళంచెవి వెతుక్కోవడానికి పనికొస్తాయి. ఇక బిగ్‌ఫుట్‌ని పిలవడానికి రాత్రిపూట చెట్లని కర్రతో బాదడం, లోయలోకి కేకలు పెట్టడం: ఈ క్యాబిన్ వాళ్ళు అరిస్తే ఆ క్యాబిన్ వాళ్ళు బదులు అరుస్తారు, తెల్లారాక ఇద్దరూ వీడియోలు పెట్టుకుంటారు. టీవీలో 'ఫైండింగ్ బిగ్‌ఫుట్' బృందం 2011 నుంచి 2018 దాకా చేసింది ఇదే.

చెక్క, జింక, రబ్బరు, ఎలుగు అయిపోయాయి. అడవిలో బిగ్‌ఫుట్‌లా కనిపించేది ఇంకొకటుంది. రెండు కాళ్ళ మీద నడుస్తుంది. చలికి ఒళ్ళంతా కప్పుకుంటుంది. అది మనిషి.

2018 డిసెంబరులో మాంటానాలోని హెలెనా దగ్గర ఒకాయన మీద కాల్పులు జరిగాయి. కాల్చినవాణ్ణి నిలదీస్తే, బిగ్‌ఫుట్‌లా కనిపించింది కాబట్టి కాల్చానన్నాడని ఆయన పోలీసులకి చెప్పాడు. నారింజ రంగు చొక్కా వేసుకోమని కాల్చినవాడు సలహా కూడా ఇచ్చాడట. అదే రాష్ట్రంలో 2012లో ఒకతను గడ్డీగాదంలా కనిపించే గిల్లీ సూటు తొడుక్కుని, జనం తనని బిగ్‌ఫుట్ అనుకోవాలని రాత్రివేళ హైవే మీద నిలబడ్డాడు. రెండు కార్లు గుద్ది చనిపోయాడు. 1967లో ప్యాటర్సన్ అనే ఆయన, బిగ్‌ఫుట్ భుజం తిప్పి వెనక్కి చూస్తూ నడిచిపోతున్నట్టు కనిపించే ఆ ప్రసిద్ధ ఫిల్మ్ తీస్తుంటే, పక్కనే బాబ్ గిమ్లిన్ చేతిలో రైఫిల్ ఉంది. కాల్చకూడదని ఇద్దరూ ముందే అనుకున్నారు కాబట్టి కాల్చలేదు. ఆ ఫిల్మ్‌లో బిగ్‌ఫుట్ సూటు వేసుకుని ఉన్నది నేనేనని బాబ్ హైరోనిమస్ అనే ఆయన తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు. ఆయన మాట అబద్ధమే అనుకోండి. నిజమై ఉండి, గిమ్లిన్ చెయ్యి దురదపెట్టి ఉంటే?

వేట నేర్చుకునేవాడికి మొదట చెప్పే పాఠం ఒక్కటే: గురిలో ఉన్నదేమిటో, దాని వెనక ఏముందో తెలియకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. ఎవడూ ఎన్నడూ సరిగ్గా చూడని జంతువుని ఎలా గుర్తుపడతావురా నువ్వు? పొడుగ్గా ఉంది, నల్లగా ఉంది, కదిలింది. అంతేగా నీకు తెలిసింది?

హోచటౌన్ ఏమీ నల్లమల కాదు. డాలస్ నుంచి మూడు గంటల దూరం. పైన్ చెట్ల మధ్య వరసగా క్యాబిన్లు, వాకిట్లో చెక్క బిగ్‌ఫుట్ బొమ్మలు, వెనక హాట్ టబ్బులు. లాంగ్ వీకెండ్ వస్తే ఎటు చూసినా మనవాళ్ళే. ఐస్ బాక్సుల్లో ఇడ్లీ పిండి, పక్కసీట్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. పోయినేడు మా మామగారిని తీసుకెళ్ళాం. ఆయన ఐదింటికే లేస్తారు. కాఫీకి ముందు నడక పడాలి. మంకీ క్యాప్, గోధుమరంగు శాలువా, దానిపైన మా బావమరిది పాత నల్ల జాకెట్టు. మనిషి ఆరడుగులు. మోకాళ్ళ నొప్పితో కాస్త ముందుకు వంగి, చేతులు బారుగా ఊపుకుంటూ చెట్ల మధ్య నుంచి నడిచొస్తుంటే, అచ్చం ప్యాటర్సన్ ఫిల్మే. ఎవరైనా పిలిస్తే భుజం తిప్పి వెనక్కి చూడటంతో సహా.

ఆ పొద్దున ఎక్సెల్ గురువు నాలుగో బీరు మత్తు దిగకుండా .45-70 పట్టుకుని పక్క క్యాబిన్ మెట్ల మీద కూర్చుని ఉంటే? ఆ తూటా గురి తప్పినా చెట్టు దగ్గర ఆగిపోదు. రైఫిల్ తూటా మైళ్ళ కొద్దీ పోతుంది, క్యాబిన్ గోడ చెక్క గోడ, దాని వెనక ఎవరి పిల్లలో నిద్రపోతుంటారు. నాకు ఒళ్ళు మండేది ఇందుకే. మీ సరదా మీ ఖర్చుతో, మీ ప్రాణంతో అయితే నాకేం బాధ? మా మామగారి ప్రాణంతో ఏం పని మీకు?

చంపనక్కర్లేదు, ప్రాణాలతో పట్టుకోవాలన్నదే తన ఉద్దేశమని హంఫ్రీ గారు అప్పట్లో వివరణ ఇచ్చారు. టూరిజం పెరుగుతుందని కూడా దాచుకోకుండా చెప్పారు. వల పట్టుకెళ్ళమని చెప్పడానికి 'వేట సీజన్' అన్న మాట దేనికండీ? ఆ మాట విన్నవాడు వల కొనడు. నేను షాపులో చూశాను కదా, వాడేం కొన్నాడో.

బుద్ధిగా ఆలోచించినవాళ్ళు ఎప్పుడో ఉన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీ వాళ్ళు 1969లో బిగ్‌ఫుట్‌ని చంపితే పది వేల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు అని ఆర్డినెన్స్ తెచ్చారు. తేదీ ఏప్రిల్ 1. లోకమంతా నవ్వింది. చదివితే అందులో అసలు సంగతి తెలుస్తుంది: మారణాయుధాలు పట్టుకుని వచ్చి పడుతున్న వేటగాళ్ళ వల్ల కౌంటీలో ఉండేవాళ్ళకీ, వచ్చిపోయేవాళ్ళకీ ప్రమాదమని రాసుకున్నారు. అక్కడి అడవుల్లోనే 2024 డిసెంబరులో బిగ్‌ఫుట్‌ని వెతకబోయి ఇద్దరు చలికి చనిపోయారు. వాళ్ళకి కావలసింది తుపాకీ కాదు, వెచ్చటి బట్టలు.

ఆ ఆర్డినెన్స్‌ని 1984లో సవరించారు. శిక్షలు తగ్గించారు గానీ, చంపిన ప్రాణి మానవజాతిదని కరోనర్ తేలిస్తే హత్య కేసు నడపాలని చేర్చారు. కాబట్టి మా గ్రూపులో హంటింగ్ లైసెన్స్ ఉన్న హెచ్-1బీ సోదరులు వచ్చే ట్రిప్పు అటు పెట్టుకుంటే ముందుగా ఒక లాయరుతో మాట్లాడుకోండి. ఆ కేసు ముందు తేలుతుందో, మీ గ్రీన్ కార్డు ప్రయారిటీ డేట్ ముందొస్తుందో పందెం కాయడానికి మాత్రం నేను సిద్ధం.